ఏడో డిస్కు

మొన్నామధ్య సిరిసిల్లలో మూఢనమ్మకాల మీద మాట్లాడమని పిలిస్తే వెళ్లాను. గంటన్నర మాట్లాడాక నా గొంతు బొంగురుపోయింది. ఎదురుగా కూర్చున్నవాళ్లలో సగం మంది చేతులకున్న తాయెత్తులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. చప్పట్లు బాగా కొట్టారు. చప్పట్లు కొట్టేటప్పుడు తాయెత్తులు ఊగాయి కూడా. ఇదంతా నాకు అలవాటే. కోపం తెచ్చుకోవడం కూడా అలవాటే. ఆ కోపంతోనే మధ్యాహ్నం అన్నానికి నసీమా ఇంటికి వెళ్లాను.

నసీమా కోరుట్లలో మా పక్కింటి పిల్ల. ఇప్పుడు సిరిసిల్లలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఆమె ఉండే వీధిలో రోజంతా మరమగ్గాల చప్పుడు. వాటిని అక్కడ సాంచాలంటారు. కొత్తవాళ్లు ఆ మోతలో గట్టిగా అరిచి మాట్లాడతారు, ఆ వీధివాళ్లు మాత్రం మామూలు గొంతుతోనే మాట్లాడుకుంటారు, అయినా వినిపిస్తుంది. తినడం అయ్యాక నసీమా బీరువా తెరిచి, మడత పెట్టిన బట్టల అడుగు నుంచి ఒక పాత చున్నీ మూట తీసింది. మూటలో ఒక వీడియో డిస్కు. దాని మీద నీలిరంగు ఆకాశం బొమ్మ, ఆ బొమ్మ మీద నల్లటి మార్కరుతో లావుగా రాసిన ఏడు అంకె, ఆ ఏడుకు నడుం మీద ఒక అడ్డగీత. మా బాపు, అంటే నాన్న, ఏడు అంకెను అలాగే రాసేవాడు. ఒకటికీ ఏడుకూ తేడా తెలియని సమాజం బాగుపడదని ఆయన నమ్మకం. ఆయన పోయి రెండేళ్లు దాటింది. ఆ గీత మీద ఒకసారి వేలు పెట్టి చూశాను.

"ఇంక పడెయ్యలేదా?" అని అడిగాను.

"ఎట్ల పడేస్త అక్క. ఇంక చూడనే లేదు గద," అన్నది నసీమా.

ఆ డిస్కు సంగతి చెప్పాలంటే ముందు మా ఇంటి వరండా సంగతి చెప్పాలి. తెల్లారేసరికి ఆ వరండాలో బీడీలు చుట్టే తునికాకు వాసన ఉండేది. తడిపిన గోనెసంచిలో రాత్రంతా నానిన ఆకు పొద్దున విప్పితే అడవి లోపలి నుంచి వాన వచ్చి మన గడపలో కూర్చున్నట్టుండేది. తరువాత తంబాకు ఘాటు, దానితో పాటు తుమ్ములు. మా నాయనమ్మ ఎస్తేరమ్మ చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. వాడకట్టులోని ఆడవాళ్లు ఒక్కొక్కరే తమ చాటలతో వచ్చి చేరేవారు. రేకుముక్క ఆకు మీద పెట్టి కత్తెరతో చుట్టూ కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, ఇదంతా చేతుల పని. నోళ్లకు సెలవు. అందుకని నోళ్లు లోకంలో ఉన్న విషయాలన్నీ మాట్లాడేవి. నాయనమ్మ కాలంలో మాకు సెంటు భూమి లేదు, ఒకరి చేలో నాట్లేసి ఒకరి చేలో కలుపు తీసి బతికిన ఇల్లు. కొడుకు బడిపంతులయ్యాక కూడా ఆమె బీడీల చాట వదల్లేదు. చేతులు ఊరికే ఉంటే సైతానుకు పని దొరుకుతుందని ఆమె సిద్ధాంతం. సైతాను అనేవాడే లేడని బాపు సిద్ధాంతం.

తల్లీకొడుకుల మధ్య ఒక ఒప్పందం ఉండేది. వంటగది నాయనమ్మది, ముందుగది బాపుది. వంటగదిలో శిలువ బొమ్మ ఉన్న చర్చి క్యాలెండర్, పొయ్యి ముందు ప్రార్థన. ముందుగదిలో పుస్తకాలు, దేవుడి మీద నిప్పులు చెరిగే పత్రికలు, గోడకు సౌరకుటుంబం పటం. బాపు పొద్దున్నే నిలబడి పత్రిక బిగ్గరగా చదివేవాడు. ప్రతి వార్త చివరా "ఎందుకు?" అని అడిగేవాడు. మేం జవాబు చెప్పాలి. తప్పు చెప్పినా ఏమీ అనేవాడు కాదు, చెప్పకుండా ఉంటే మాత్రం ఊరుకునేవాడు కాదు. ఆయన కుర్రతనంలో సంస్కరణ సభల్లో వాదోపవాదాలు విని పెరిగిన మనిషి. ఆ సభల పద్ధతినే ఇంటికి తెచ్చాడు. ఇంట్లో ఎవరికైనా ఏదైనా కావాలంటే, అది ఎందుకు వద్దో ముందు వాళ్లే వాదించి చూపించాలి. నేను కొత్త సైకిలు అడిగినప్పుడు, ఆడపిల్లకు సైకిలు ఎందుకు అనవసరమో అరగంట వాదించాల్సి వచ్చింది. అంత బాగా వాదించాను కాబట్టి సైకిలు కొనిచ్చాడు. ఆ వాదనలోని మాటలే తరువాత నా మొదటి వ్యాసంలో ఎదుటివాళ్ల నోట పెట్టి చీల్చి చెండాడాను. నేను ఇవాళ ఏం రాస్తున్నానో దానికి పునాది అక్కడే పడింది.

అవి తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్డు మీదికి వచ్చిన రోజులు. ఉద్యోగులంతా సమ్మెలో ఉన్నారు, బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లో నిలిచిపోయాయి. జగిత్యాలలో మా డిగ్రీ కాలేజీ మూసేస్తే హాస్టలు ఖాళీ చేసి, గడియారం టవర్ దగ్గర ఒక ట్రాక్టర్ ఎక్కి, పసుపు బస్తాల మీద కూర్చుని కోరుట్లకు చేరాను. రెండు రోజుల పాటు నేను ఏది ముట్టుకున్నా పచ్చబడింది. బాపు పొద్దున దీక్షా శిబిరానికి పోయి మధ్యాహ్నానికి గొంతు పోగొట్టుకుని వచ్చేవాడు. ఇంట్లో టీవీ పొద్దస్తమానం వార్తలే చెప్పేది. కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. ఉన్నంతసేపూ ఊరేగింపులు, పోయాక వరండాలో వాటి మీద చర్చలు.

అలాంటప్పుడు పక్కింటి ఖలీల్ చాచా సౌదీలోని దమ్మామ్ నుంచి సెలవు మీద వచ్చాడు. చాచా అక్కడ కట్టడాలకు చెక్క ఫ్రేములు బిగించే పని చేసేవాడు. రెండేళ్లకోసారి వచ్చేవాడు. ఆయన కూతురు నసీమా అప్పుడు నాలుగో తరగతి. ఆయన వచ్చిన రోజు నుంచి ఆ పిల్ల ఆయన చొక్కా కొస పట్టుకుని తిరిగేది. ఆయన స్నానానికి పోతే గుసల్‌ఖానా తలుపు బయట కూడా నిలబడేది. చాచా ఈసారి ఒక వీడియో ప్లేయరు, దానితో పాటు ఒక పొడుగాటి అట్టపెట్టె తెచ్చాడు. పెట్టె విప్పితే వరుసగా ఏడు డిస్కులు, డిస్కుకు ఒక్కో కథ. జపాన్‌వాళ్ల బొమ్మల సీరియల్, అంతరిక్షంలో తిరిగే ఓడ కథ, మాటలన్నీ అరబ్బీలో. ఆయన గదిలో ఉండే మిస్రీ మనిషి, అంటే ఈజిప్టువాడు, తన దేశం పోతూ ఇచ్చిపోయాడట. అయితే చాచా ఇంటి టీవీ ఆ ముందు నెలలోనే ఎక్కువ వోల్టేజీ వచ్చి కాలిపోయింది. ప్లేయరు వాళ్లది, టీవీ మాది. కనుక విషయం మా బాపు ముందుకు విచారణకు వచ్చింది.

పద్ధతి ప్రకారం అందరం వద్దనే వాదించాలి. నేను లేచి, ఉద్యమం నడుస్తుంటే బొమ్మలు చూడటం ఎంత బాధ్యతారాహిత్యమో చెప్పాను. చాచా తల గోక్కుని, తనకు వాదించడం రాదనీ ఓవర్‌టైమ్ చేయడమే వచ్చనీ అన్నాడు. అందరూ నవ్వారు. బాపు నసీమా వైపు చూశాడు. ఆ పిల్ల బడిలో పద్యం అప్పజెప్పినట్టు చేతులు కట్టుకుని నిలబడింది.

"సార్, గీ డబ్బా చూడొద్దు. చూస్తే అయిపోతది. అయిపోతే అబ్బా పోతడు."

వరండాలో కత్తెరలు ఆగాయి. చాచా నేలవైపు చూశాడు. పెట్టె చూపించిన రోజు, ఎప్పుడు పోతావని ఆ పిల్ల పదేపదే అడుగుతుంటే, ఇది ఖతమయ్యేదాకా పోనులే అని ఆయన మాటవరసకు అన్నాడట. పిల్ల దాన్ని మాటవరసకు తీసుకోలేదు. ఇది కారణకార్య సంబంధం కాదు బిడ్డా, అని బాపు మొదలుపెట్టి, ఎందుకో మధ్యలో ఆపేశాడు. తీర్పు మాత్రం చెప్పాడు. వాదన బలంగా ఉంది కాబట్టి చూడవచ్చు, అయితే మూడు రోజులకు ఒక్క కథే. చూడాలనే కోరిక, అయిపోకూడదనే కోరిక రెండూ గెలిచిన తీర్పు అది. ఇన్నేళ్లలో నేను చూసిన తీర్పుల్లో అంత న్యాయమైనవి తక్కువ.

డిస్కుల మీద బొమ్మలే తప్ప అంకెలు లేవు. చాచా పెట్టెను కుడిచేతి వైపు నుంచి తెరవబోయాడు. బాపు ఆయన చేతిలో నుంచి తీసుకుని, ఏ పనికైనా ఒక క్రమం ఉండాలని చెప్పి, ఎడమ నుంచి కుడికి మార్కరుతో ఒకటి, రెండు, మూడు అని రాసుకుంటూ పోయాడు. చాచా ఏదో అనబోయి ఊరుకున్నాడు. సార్ అంకెలు వేశాక మాట్లాడేవాళ్లు మా వాడకట్టులో లేరు.

మొదటి రోజు వరండా అంతా ముందుగదిలోకి వచ్చింది. ఆడవాళ్లు చాటలతో సహా వచ్చి కూర్చున్నారు. నసీమా చాచా ఒళ్లో కూర్చుంది. తెర మీద ఓడ తలుపు తెరుచుకుంది. పెద్ద మీసాల కెప్టెన్, గరిటె పట్టుకున్న వంటామె, బియ్యం డ్రమ్ముకు కళ్లు పెట్టినట్టున్న మరమనిషి, అందరూ తలుపు దగ్గర నిలబడి చేతులు ఊపుకుంటూ బొటబొటా కన్నీళ్లు కారుస్తున్నారు. జపాన్ బొమ్మల కన్నీళ్లు మన కన్నీళ్లలా ఉండవు, గొట్టం పగిలినట్టు చిమ్ముతాయి. అది చూసి మేం విరగబడి నవ్వాం. ఏమంటున్నాడని నాయనమ్మ అడిగింది. చాచా కొంచెంసేపు తెర వైపు చూసి చెప్పాడు.

"లోపటికి రండ్రి, చెప్పులు బయట ఇడువుండ్రి అంటున్నడు అమ్మా."

"మరి గంతగనం ఏడుస్తున్నడేంది కొడుకా?"

"సంతోషం అమ్మా. శాన దినాలకు కలిసిండ్రు గద."

చెప్పులు బయట విడవమనే కెప్టెన్ బాపుకు బాగా నచ్చాడు. జపాన్ ఎందుకు పైకొచ్చిందో చూడండని మా అందరికీ చెప్పాడు.

ఆ రోజు నుంచి డిస్కు పెట్టే మధ్యాహ్నం కరెంటు ఉన్న గంట మాకు పండుగ. చాచాకు వచ్చిన అరబ్బీ అంతా పని దగ్గర నేర్చుకున్నది. తీసుకురా, మోసుకుపో, తొందరగా, రేపు, లేదు, అయిపోయింది, ఈ మాటల మీదే ఆయన ఎడారిలో పన్నెండేళ్లు బతికాడు. ఆ మాటలతోనే అంతరిక్షాన్ని కూడా మాకు విప్పి చెప్పాడు. ఆయన చెప్పగా మాకు అర్థమైన కథ ఇది. మీసాల కెప్టెన్ ఒక కఫీల్, అంటే పనికి పిలిపించుకున్న యజమాని. వీళ్లందరి పాస్‌పోర్టులూ ఆయన దగ్గరే ఉన్నాయి. నక్షత్రాల మధ్య పాడైన ఓడలు ఎక్కడుంటే అక్కడికి పోయి బాగుచేసి రావాలి. మూడు కళ్ల రాక్షసుడు నిప్పులు కక్కితే, "జీతం రేపిస్త అంటున్నడు," అని చాచా చెప్పేవాడు. మరమనిషి ఎర్రగా మెరుస్తూ గుండ్రంగా తిరిగితే, దానికి సెలవు దొరకలేదని చెప్పేవాడు. ఆడవాళ్లు పళ్లు బిగించి కఫీల్‌ను తిట్టేవారు. అందరి ఇళ్లలోనూ ఎవరో ఒకరు అక్కడే ఉన్నారు, ఎవరి మనిషి ఏం తింటున్నాడో ఎలా ఉంటున్నాడో ఫోనులో సరిగ్గా చెప్పడు. ఆ బొమ్మల్లో వాళ్లు తమవాళ్లను చూశారు. ఓడలో మంచాలు ఒకదాని మీద ఒకటి ఉంటే, గట్లనే పండుకుంటరా అని చాచా భార్య షాహీన్ చాచీ అడిగింది. గట్లనే, అని చాచా అన్నాడు. అది మాత్రం అనువాదం కాదు.

నాలుగో డిస్కు దగ్గర చిక్కు వచ్చింది. మొదట్లో మరమనిషికి కుడిచేయి లేదు, ఇప్పుడు ఉంది. పోనీ బాగుచేశారనుకుందాం. కెప్టెన్ మీసాలు కథకథకూ పొట్టివవుతున్నాయి. వంటామె మొదట్లో బ్రహ్మాండంగా వండింది, ఇప్పుడు పొయ్యి ముట్టించినప్పుడల్లా పేలుస్తోంది. ఇంకా విచిత్రం, ప్రాణస్నేహితులుగా ఉన్న ఇద్దరు ఇప్పుడు ఒకరి పేరు ఒకరు అడుగుతున్నారని చాచా చెప్పాడు. నాయనమ్మ ఇది ప్రభువు చేసే అద్భుతమని తేల్చేసింది. బాపు ఊరుకుంటాడా. గోడ మీది సౌరకుటుంబం పటం దగ్గర నిలబడి, కాంతి వేగానికి దగ్గరగా ప్రయాణించేవాళ్లకు కాలం మనకు నడిచినట్టు నడవదని, ఇందులో మహిమ ఏమీ లేదని, ఈ సీరియల్ తీసినవాళ్లు గొప్ప శాస్త్రజ్ఞానం ఉన్నవాళ్లని ముప్పావుగంట ఉపన్యాసం ఇచ్చాడు. బీడీలు చుట్టే పదిమంది ఆడవాళ్లు సాపేక్ష సిద్ధాంతం విన్నారు. అందరికంటే ఎక్కువగా నేనే నమ్మాను. జగిత్యాల పోయాక మా ఫిజిక్స్ లెక్చరర్‌కు కూడా వివరించి చెప్పాను. ఆయన నన్ను చాలాసేపు చూశాడు.

ఈలోగా చాచా సెలవు దగ్గరపడింది. బస్సులు లేవు. హైదరాబాద్ చేరితే గానీ విమానం లేదు. తేదీ దాటితే వీసా పోతుంది, వీసా పోతే ఇల్లు ఎలా నడుస్తుందో తెలియదు. చాచా రోజూ పొద్దున బస్టాండు దాకా పోయి తాళం వేసిన గేటు చూసి వచ్చేవాడు. అదే పొద్దున నసీమా వీధుల్లో జెండా పట్టుకుని ఊరేగింపు ముందు నడిచేది. గింత పిల్లకు గింత పట్టుదలేందని ఊరంతా మెచ్చుకుంది. మెట్‌పల్లి నుంచి వచ్చిన ఒక వక్త వేదిక మీదికి పిలిచి శాలువా కూడా కప్పాడు. బంద్ ఒకరోజుతో ఆపితే లాభం లేదు, నెలల తరబడి ఉండాలని ఆ పిల్ల మైకులో చెప్తే చప్పట్లు మోగిపోయాయి. ఎందుకని ఎవరూ అడగలేదు. ఎందుకో నాకు తెలుసు.

ఆ వారంలోనే ఏడో డిస్కు మాయమైంది. ఆరు అయిపోయాయి, పెట్టెలో ఏడో గూడు ఖాళీ. ఇల్లంతా వెతికారు. నాయనమ్మ ప్రార్థన చేసింది, బాపు అల్మారాలు జరిపించాడు. వాళ్ల వంటగదిలో బియ్యం డ్రమ్ము మీద నసీమా కూర్చుని ఉంది. ఎంతసేపటికీ దిగదు. అన్నం కూడా అక్కడే తింది. ఎవరూ లేనప్పుడు పోయి పక్కన నిలబడి, నా చదువంతా ఉపయోగించి చెప్పాను. డిస్కు దాచినంత మాత్రాన విమానం ఆగదని, ఈ రెంటికీ సంబంధం లేదని, సంబంధం లేనివాటిని ముడిపెట్టడమే మూఢనమ్మకమని.

"విమానం సంగతి నాకెందుకక్క," అన్నదా పిల్ల. "డబ్బా అయిపోయేదాక పోనని అబ్బా మాటిచ్చిండు. డబ్బా అయిపోలేదు గద."

అది మూఢనమ్మకం కాదు, ఒప్పందం. తాయెత్తు కట్టుకున్నవాడు లోకాన్ని బెదిరించి పని చేయించుకోవాలనుకుంటాడు. ఈ పిల్ల ఒక మనిషి ఇచ్చిన మాటను ఆ మనిషి చేత నిలబెట్టించాలనుకుంటోంది. ఆ తేడా నాకు నేర్పింది ఏ గ్రంథమూ కాదు. డ్రమ్ము సంగతి ఎవరికీ చెప్పకుండా బయటికి వచ్చాను.

మూడు రోజుల తరువాత చాచాకు ఒక జీపు దొరికింది. గల్ఫ్ పోయేవాళ్లు నలుగురు కలిసి మాట్లాడుకున్నారు. సరిగ్గా ఆ రోజే కోరుట్లలో రోడ్డు మీద వంటావార్పు. జాతీయ రహదారికి అడ్డంగా రాళ్లపొయ్యిలు, గుండిగలు, పొగ, డప్పులు, రోడ్డు పొడుగునా కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్న ఆడవాళ్లు. వాళ్ల మధ్య మా నాయనమ్మ. మెడలో కండువాతో బాపు. జీపు వచ్చి పొయ్యి ముందు ఆగింది. గల్ఫ్ పోయేవాళ్లను ఆపకూడదని ముందే అనుకున్నారు కనుక బాపు చేయెత్తగానే గుండిగ జరిపారు, జనం పక్కకు తప్పుకున్నారు. అంతా తప్పుకున్నాక రోడ్డు మధ్యలో నసీమా ఒక్కతే మిగిలింది. మఠం వేసుకుని జీపు చక్రం ముందు కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని జై తెలంగాణ అంటోంది.

మొదట జనం నవ్వారు. తరువాత నవ్వు ఆగింది. ఆ పిల్ల గొంతు మారుతోంది కానీ నినాదం ఆగడం లేదు. మా బాపు పెద్ద పెద్ద అధికారులతో, పూజారులతో, పాస్టర్లతో వాదించినవాడు. పిల్ల ముందు వంగి, లే బిడ్డా అని మాత్రం అన్నాడు. రోడ్డు దిగ్బంధం సమ్మెకారుల హక్కని ఆ పిల్లకు నేర్పింది ఆయనే. చాచా జీపు దిగాడు. డ్రైవరు టైమైపోతుందని అరుస్తున్నా వినకుండా వచ్చి పిల్ల పక్కన రోడ్డు మీద కూర్చున్నాడు. నాయనమ్మ ఒక విస్తరాకులో అప్పుడే దించిన పులిహోర పెట్టి వాళ్ల మధ్య పెట్టింది. ఆయన తాను ఒక ముద్ద తిని, పిల్లకు ఒక ముద్ద పెట్టాడు. చెవి దగ్గర ఏదో చెప్పాడు. డప్పుల మోతలో మాకెవరికీ వినిపించలేదు. నసీమా ఆయన ముఖం వైపు చూసి, లేచి, లంగాకు అంటిన దుమ్ము దులుపుకుని, రోడ్డు పక్కకు వచ్చి నిలబడింది. జీపు వెళ్లిపోయింది. మిగిలిన పులిహోర ఆ పిల్ల ఎవరికీ పెట్టకుండా ఒక్కతే తిన్నది.

రాష్ట్రం వచ్చింది. ఆ రోడ్డు మీద ఉడికిన కోరికల్లో కొన్ని అన్నమయ్యాయి, కొన్ని ఇంకా ఎసట్లోనే ఉన్నాయి. ఆ సంగతి నేను వేరేచోట్ల కావలసినంత ఘాటుగా రాశాను, ఇక్కడ వద్దు. కోరుట్ల రోడ్డు వెడల్పయింది. మా వరండా పోయింది, నాయనమ్మ పోయింది, బాపు పోయాడు. ఇప్పుడు ప్రతి ఒక్కరి చేతిలో ఫోను ఉంది. ఏ దేశం బొమ్మలైనా చూడవచ్చు, ఎవరు ఏమంటున్నారో కింద తెలుగులో రాసి కూడా వస్తుంది. తప్పు అర్థం చేసుకునే అవకాశం ఎవరికీ లేదు. మంచిదే. చీకటి కంటే వెలుగు మంచిదని జీవితమంతా చెప్పినదాన్ని, కాదని ఎలా అంటాను. కానీ పదిమంది ఒకచోట కూర్చుని ఒక్క మనిషి నోటివైపు చూస్తూ లోకాన్ని అర్థం చేసుకోవడంలో ఉన్న వెచ్చదనం ఈ వెలుగులో నాకు ఇంకా దొరకలేదు. దొరికితే దాని మీద కూడా ఒక వ్యాసం రాస్తాను.

డిస్కు మళ్లీ చున్నీలో చుట్టబోతుంటే, ఆ రోజు రోడ్డు మీద చాచా ఏం చెప్పాడని నసీమాను అడిగాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు.

"డ్రమ్ముల దాసిందాన్ని గట్లనే ఉంచు, నేను లేంది చూడకు అన్నడక్క. అది చూసేదాక నేను వాపస్ రావాల్సిందే గద అన్నడు."

అంటే ఆయనకు డ్రమ్ము సంగతి తెలుసు. ఆ తరువాత ప్రతి సెలవుకూ వచ్చినప్పుడు, గడప దాటకముందే ఉన్నదా అని అడిగేవాడట. ఉన్నది అని ఈమె చెప్పేదట. ఇద్దరిలో ఎవరూ బయటికి తీసేవారు కాదట. మోకాళ్లు అరిగిపోయి ఆయన పూర్తిగా వచ్చేసి ఐదేళ్లయినా ఈమెకు నమ్మకం కుదరలేదు. ఈమధ్య పాస్‌పోర్టు గడువు తీరిపోతే, మళ్లీ చేయించనని ఆయనే చెప్పాడు. ఇప్పుడు కొంచెం నమ్మకం వచ్చిందని నసీమా నవ్వింది. "నువ్వు కూడ ఉన్నవ్ గద, ఇయ్యాల చూద్దామా?" అంది.

కింద ఫొటో స్టూడియో అతని దగ్గర డిస్కు పెట్టే పాత కంప్యూటరు ఉంటే తెప్పించింది. ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటున్న ఖలీల్ చాచా లోపలి గదిలో నుంచి గోడ పట్టుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. నన్ను చూసి, సార్ అంకె అట్లనే ఉన్నది చూసినవా బేటా అన్నాడు. డిస్కు గీతలు పడి ఉంది, బొమ్మ ఆగుతూ ఆగుతూ వచ్చింది.

తెర మీద ఓడ కొత్తగా తళతళలాడుతోంది. కెప్టెన్‌కు మీసాలు అప్పుడే మొలుస్తున్నాయి. మరమనిషి ఇంకా అట్టపెట్టెలోనే ఉంది, దాన్ని ఇప్పుడే విప్పుతున్నారు. గరిటె పట్టుకున్న అమ్మాయి తలుపు బయట బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది. ఎవరికీ ఎవరూ తెలియదు. నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టలేదు. అరబ్బీవాళ్ల పెట్టెకు మొదలు కుడివైపు, బాపు అంకెలు వేసింది ఎడమవైపు నుంచి. సౌరకుటుంబం పటం దగ్గర చేయెత్తి నిలబడిన మా బాపు కళ్ల ముందు కనిపించాడు. కాంతి వేగం, కాలం, ముప్పావుగంట. నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన ఉంటే ఈ తప్పును పత్రికలో రాసి మరీ ఒప్పుకునేవాడు. ఒప్పుకోవడంలో కూడా ఆయనకు గొప్ప ఉత్సాహం.

"చాచా, ఇది మొదటి డిస్కు. మనం ఎనకకెల్లి చూసినం," అన్నాను. కోరుట్లవాళ్ల ముందు నా నోటికి ఈ భాషే వస్తుంది.

"అవును బేటా," అన్నాడాయన, తెర మీది నుంచి చూపు తిప్పకుండా.

"నీకు తెలుసా?"

"మొదటి దినమే తెలుసు. వాండ్లందరు తలుపుకాడ నిలవడి మా సలామా, మా సలామా అనుకుంటున్నరు. పోయొస్త అని. గా మాట నాకు తెల్వదా. ఎయిర్‌పోర్టుల అందరం అదే అంటం."

"మరి చెప్పకపోతివి?"

కిటికీ బయట సాంచాలు నడుస్తూనే ఉన్నాయి. నసీమా ఆయన కుర్చీ చేతి మీద కూర్చుని ఉంది. చొక్కా కొస దగ్గర ఆమె చేయి ఉంది, ఆమెకు తెలియకుండానే.

"ఒకటి, సార్ అంకెలు ఏసిండు," అన్నాడు. "రెండోది, నేను వచ్చి అప్పటికి రెండు దినాలు. గీ పిల్ల ఒళ్లె కూసున్నది. గప్పుడే పోయొస్త అంటున్నరని ఎట్ల చెప్పాలె బేటా?"

సత్యాన్ని ఎప్పుడు, ఎవరికి, ఎంత కఠినంగా చెప్పాలో నేను పుస్తకమే రాశాను. అందులోంచి ఒక్క వాక్యం కూడా ఆ గదిలో పనికొచ్చేట్టు లేదు. తెర వైపు తిరిగాను. బొమ్మ కాసేపు ఆగి మళ్లీ కదిలింది. కెప్టెన్ ఓడ తలుపు పూర్తిగా తెరిచి, బయట నిలబడిన అమ్మాయికి నవ్వుతూ ఏదో చెబుతున్నాడు. ఏమంటున్నాడని అడిగాను.

"లోపటికి రా, చెప్పులు బయట ఇడువు అంటున్నడు," అన్నాడు ఖలీల్ చాచా. నేను అనుమానంగా చూస్తే నవ్వాడు. "ఈపాలి నిజంగనే అంటున్నడు బేటా."